పద్దెనిమిది గులాబీలు, పద్దెనిమిది కొవ్వొత్తులు

ఫిలిప్పీన్స్ దేశంలో ఆడపిల్లకు పద్దెనిమిదేళ్లు నిండినప్పుడు తలిదండ్రులు ఒక వేడుక చేస్తారు. దానిని వారు ‘డెబ్యూ’ అంటారు. అది ఫ్రెంచి మాట. తొలిసారి నలుగురి ముందుకు రావడమని దాని అర్థం. ఖర్చులో పెండ్లికి తీసిపోదు, ఏర్పాట్లలో ఒక్కోసారి పెండ్లిని మించిపోతుంది. గల్ఫ్ దేశాల్లో పనిచేస్తున్న మనవారు ఈ మాటను తమతో కలిసి పనిచేసే ఫిలిప్పీనీ సోదరీమణుల నోట వినే ఉంటారు. మేము మాత్రం గత షాబాన్‌లో, మదరసా వార్షిక పరీక్షలు ముగిసిన తరువాత, దుబాయిలోని మా చెల్లెలి ఇంటికి వెళ్లేవరకు వినలేదు. ముప్పై ఏళ్లుగా పిల్లలకు అరబీ వ్యాకరణం బోధిస్తున్న వారి దగ్గరకు ఇటువంటి సంగతులు వచ్చి చేరే దారులు తక్కువ.

మా చెల్లెలి భర్త కడప వాస్తవ్యులు, వృత్తిరీత్యా దర్జీ. సత్వా ప్రాంతంలో ఒక చిన్న దుకాణంలో ఇరవై ఏళ్లుగా కుడుతున్నారు. దుబాయి చూసినవారికి సత్వా తెలిసే ఉంటుంది. బట్టల దుకాణాలు, దర్జీ అంగళ్లు, వాటి నడుమ ఫిలిప్పీనీల భోజనశాలలు. అందుచేత ఆయన చేతిలో అబాయాలు ఎన్ని తయారవుతాయో, ఫిలిప్పీనీ పిల్లల గౌన్లూ ఇంచుమించు అన్నే తయారవుతాయి. మా చెల్లెలు అదే దుకాణం వెనుక గదిలో మగ్గం పని చేస్తుంది. మేము అక్కడున్న పదిహేను రోజులూ అస్ర్ నమాజు ముగించుకొని వచ్చి ఆ దుకాణంలో ఒక కుర్చీ వేసుకొని కూర్చునేవారం. అలా కూర్చొనే ఒక డెబ్యూకు జరిగే సన్నాహాలను మొదటి నుండి చూశాము.

ఆ సోదరి ఒక దుస్తుల దుకాణంలో పని చేస్తుంది. భర్త సరుకుల ఓడలో ఉద్యోగి. ఏడాదిలో ఎక్కువ నెలలు సముద్రం మీదనే. కుమార్తె ఇలోయిలో అనే నగరంలో అమ్మమ్మ వద్ద పెరిగింది. వేడుక మే నెలలో. తల్లి దుబాయిలో ఉండి, దేశాలు దాటి, ఫోను మీదనే దానిని నడిపించాలి. అక్కడి గడియారం మన దుబాయి గడియారం కన్నా నాలుగు గంటలు ముందుంటుంది. కనుక ఈమె పని ముగించుకొని దుకాణానికి వచ్చేసరికి అక్కడ అర్ధరాత్రి అయ్యేది. పాపం ఆ పిల్ల నిద్రమత్తులోనే తల్లికి సమాధానాలు చెప్పేది. వారి భాషలో అన్నను ‘కూయా’ అని, అక్కను ‘ఆతే’ అని పిలుస్తారు. మా చెల్లెలి భర్తను కూయా అని, మా చెల్లెలిని ఆతే అని పిలిచి, కాసింత హిందీ, కాసింత ఇంగ్లీషు కలిపి మాట్లాడేది.

ఈ ఆచారం ఎక్కడ పుట్టిందో కొంత చెప్పవలసి ఉన్నది. దీని పుట్టిల్లు యూరపు. 1780లో ఇంగ్లండు రాజు మూడవ జార్జి తన భార్య షార్లెట్ రాణి పుట్టినరోజు పేర ఒక నృత్యోత్సవం జరిపాడు. తరువాతి కాలంలో కులీన కుటుంబాల కన్యలు తెల్లని గౌన్లు ధరించి, రాజుగారి ఆస్థానంలో మోకాళ్లు వంచి అభివాదం చేయడం ఒక రివాజుగా స్థిరపడింది. పేరుకు అది పరిచయం. అసలు పని సంబంధాలు కుదుర్చుకోవడం. ఫలానా వారి అమ్మాయి ఎదిగింది, అంతస్తు సరిపోయే వారు చూసుకోవచ్చునని లోకానికి తెలియజేయడం. ఇరవయ్యవ శతాబ్దంలో షార్లెట్ రాణి పేర జరిగిన ఉత్సవంలో ఆ కన్యలు వరుసగా వచ్చి ఒక పెద్ద కేకు ముందు వంగేవారు. మనిషి ముందు వంగడమే మాకు మింగుడుపడని సంగతి, ఇక కేకు ముందు వంగడాన్ని ఏమని చెప్పాలి! 1958లో ఎలిజబెత్ రాణి ఆస్థానంలో ఈ పరిచయాలకు స్వస్తి పలికింది. అయితే అప్పటికే ఆ అలవాటు సముద్రాలు దాటి పోయింది.

ఫిలిప్పీన్స్‌లో అది వేరే రూపం ఎత్తింది. అక్కడ దానికి రాణీ లేదు, ఆస్థానమూ లేదు. పరదేశాల్లో ఇళ్లు ఊడ్చి, రోగులకు సేవ చేసి, ఓడల్లో బరువులు మోసి కూడబెట్టిన సొమ్ముతో సామాన్యులు కూడా చేసుకుంటారు. పద్దెనిమిది అనే అంకె చుట్టూ అంతా తిరుగుతుంది. పద్దెనిమిది మంది పురుషులు ఒక్కొక్కరు ఒక గులాబీ ఇచ్చి ఆ అమ్మాయితో కాసేపు నాట్యం చేస్తారు. పద్దెనిమిది మంది స్త్రీలు ఒక్కొక్కరు ఒక కొవ్వొత్తి వెలిగించి నాలుగు మంచి మాటలు చెబుతారు. కొన్నిచోట్ల మరో పద్దెనిమిది మంది కానుకలు ఇస్తారు. ఇవి గాక తొమ్మిది జంటలు వారాల తరబడి సాధన చేసి వేసే సామూహిక నృత్యం ఒకటి. వింత ఏమిటంటే, వారి చట్టంలో యుక్తవయస్సు పూర్వం ఇరవై ఒకటి. 1989లో గాని దానిని పద్దెనిమిదికి దించలేదు.

పరపురుషులతో నాట్యం విషయంలో మా అభిప్రాయం ఏమిటో ఈ పత్రిక చదువరులకు వేరుగా చెప్పనవసరం లేదు. ఆ సోదరి కూడా మమ్మల్ని అడగలేదు. ఆమె ధర్మం వేరు, ఆమె ఆచారం ఆమెది. మేము చెప్పదలచినది వేరే సంగతి.

మొదటి రోజంతా ‘థీమ్’ చర్చతోనే గడిచింది. థీమ్ అంటే వేడుక మొత్తానికి ఒక తలంపు. అది నిర్ణయమైతే గాని గౌను రంగు తేలదు, ఆహ్వానపత్రిక తేలదు, కేకు తేలదు, తొమ్మిది జంటల దుస్తులు తేలవు. కొందరు ముసుగుల థీమ్ పెడతారు. కొందరు నక్షత్రాల రాత్రి అంటారు. కొందరు పాత కాలపు ఫిలిప్పీనీ వస్త్రధారణను కోరుకుంటారు. తల్లి మనసులో ఏదో రాజభవనం ఉన్నది. నీలం రంగు, వెండి తళుకులు. కుమార్తె ఫోనులో ఒకే మాట అన్నదట: “సంపగిత.” అది వారి జాతీయ పుష్పం. 1934 నుండి ఆ గౌరవం దానిదే. పిల్లలు ఆ పూల దండలు గుచ్చి చర్చీల బయట అమ్ముతూ ఉంటారట. ఫోనులో బొమ్మ చూపగానే మా చెల్లెలు నవ్వేసింది. అది మన మల్లె. అచ్చంగా మన బొండుమల్లె! కడపలో సాయంకాలం మూరల లెక్కన కొని తలలో తురుముకొనే పువ్వు అక్కడ ఒక దేశానికి చిహ్నం. “మా అమ్మ ఇంటి పెరట్లో ఉంది ఆ చెట్టు. దాన్ని చూస్తూనే పెరిగింది” అన్నది ఆ సోదరి. నీలం, వెండి అక్కడితో ఆగిపోయాయి. తెలుపు, ఆకుపచ్చ ఖాయమయ్యాయి.

గౌను సంగతికి వద్దాము. గుండ్రంగా కత్తిరించిన నెట్ గుడ్డ, పొర మీద పొర. లోపల శాటిన్ లైనింగ్. పైభాగంలో మగ్గంతో మల్లెమొగ్గలు. ఆ పని మా చెల్లెలిది. మా చెల్లెలి భర్త టేపు మెడలో వేసుకొని, పుస్తకం తెరిచి, అమ్మాయి కొలతలు అడిగారు. ఆ తల్లి చటుక్కున చేయి పైకెత్తి, తన చెవి దగ్గర నిలిపింది. ఇంత ఉంటుంది అన్నట్లు. ఆ చేయి గాలిలో కాసేపు అలాగే ఉన్నది. తరువాత కొంచెం పైకి జరిపింది. తరువాత దించివేసి, “నేను చూసి రెండేళ్లు దాటింది, కూయా” అన్నది. వీడియోలో రోజూ చూస్తుంది. కానీ ఫోనులో కనిపించేది ముఖమే గదా. ఎత్తు తెలియదు.

మా చెల్లెలి భర్త మాట మార్చారు. ఇటువంటివి ఆయనకు అలవాటేనట. గల్ఫ్‌లో ఉండి ఇంటి పిల్లలకు కుట్టించే తలిదండ్రులు ఎవరూ కొలతలు సరిగా చెప్పలేరట. మనవారైనా అంతే. పండుగకు పంపే జత పొట్టిదైనా అవుతుంది, పొడుగైనా అవుతుంది. అందుకే ఆయన ఉపాయం ఒకటి చేస్తారు. వీపు వైపు జిప్పు పెట్టకుండా రెండు ప్రక్కలా గుడ్డ లూపులు కుట్టి, నడుమ నాడా వేస్తారు. రెండు అంగుళాలు అటూ ఇటూ అయినా నాడా బిగించి, వదిలి సర్దుకోవచ్చు. అంచు లోపలికి నాలుగు అంగుళాలు మడిచి ఉంచుతారు. పిల్ల పొడుగైతే విప్పి దించవచ్చు. దూరాన ఉన్నవారి ప్రేమకు కూడా ఇలా మడత పెట్టి ఉంచవలసి వస్తుందేమోనని మాకు ఆ క్షణంలో అనిపించిన మాట నిజం. చెల్లెలు తల వంచుకొని మొగ్గలు కుడుతూనే ఉన్నది.

ఎందుకంటే మా చెల్లెలి కుమార్తె కూడా తల్లి దగ్గర లేదు. దుబాయిలో గది అద్దె, బడి ఫీజులు దర్జీ సంపాదనకు అందేవి కావు. ఆరేళ్ల వయస్సు నుండి ఆ బిడ్డ కడపలో మా ఇంటనే పెరిగింది. ఖుర్ఆన్ పారాయణం పూర్తి చేసిన నాడు ఆమెకు పదేళ్లు. ఇంట్లో అందరూ చేరారు. నానీ మిఠాయి పంచింది. తల్లి మాత్రం దుకాణం వెనుక గదిలో, ఫోనును మగ్గం చట్రానికి ఆనించి చూసింది. మధ్యలో సిగ్నలు పోయిందట. చివరి సూరా వినబడలేదట. ఈ సంగతి ఇన్నేళ్లలో ఆమె మాకు చెప్పలేదు. ఆ ఫిలిప్పీనీ సోదరికి చెబుతుండగా విన్నాము.

చెప్పవలసిన అవసరం ఎలా వచ్చిందంటే: ఆ సోదరి దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది. నాలుగు పేజీల నిండా ఖర్చులు. హాలు, భోజనాలు, పూలు, దీపాలు, నృత్యం నేర్పేవాడు, ఫోటోలు తీసేవాడు, రెండవ గౌను. రాత్రి మధ్యలో మార్చుకోవడానికి రెండవది ఉండాలట. పరదేశాల్లో ఉన్న ఫిలిప్పీనీలు ఇంటికి ఓడ మీద పెద్ద పెద్ద అట్టపెట్టెలు పంపుతారు. అలాంటి పెట్టెల్లో చాక్లెట్లు, రిబ్బన్లు, పంచిపెట్టే కానుకలు అప్పటికే బయలుదేరిపోయాయి. గౌను మాత్రం ఎవరైనా ఊరికి వెళ్లేవారి చేతికి ఇవ్వాలని అనుకున్నది. ఒకనాడు మా చెల్లెలు ఆ పుస్తకం తిరగవేసి, “నీ టికెట్ ఎక్కడ రాశావు?” అని అడిగింది. రాయలేదు. ఆ లెక్కలో తల్లి ప్రయాణం లేదు. హాలులో తెర పెట్టి, వీడియోలో తానూ కనబడతానని అన్నది. టికెట్ డబ్బుతో రెండవ గౌను, నృత్యం నేర్పేవాడు వస్తారని అన్నది. పిల్లకు ఏ లోటూ ఉండకూడదని అన్నది.

అప్పుడు చెల్లెలు ఆ చివరి సూరా సంగతి చెప్పింది. సలహా ఏమీ ఇవ్వలేదు. చెప్పి, తిరిగి సూది అందుకున్నది.

మేము అక్కడ ఉండటం సబబు కాదనిపించి మగ్రిబ్‌కు ఇంకా సమయం ఉండగానే మసీదుకు వెళ్లిపోయాము.

ఆ తరువాత మూడు రోజులు ఆ సోదరి రాలేదు. నాలుగవ రోజున వచ్చి, రెండవ గౌను అక్కర లేదన్నది. తొమ్మిది జంటల నృత్యం ఎత్తివేసింది. దీపాలు సగం చేసింది. పద్దెనిమిది మంది స్త్రీల జాబితా మాత్రం తగ్గించలేదు. పైగా దానిని మా చెల్లెలికి చదివి వినిపించింది. మొదటి పేరు అమ్మమ్మది. జ్వరం వచ్చినప్పుడు ఆసుపత్రికి ఎత్తుకుపోయిన పొరుగింటావిడ. బడిలో టీచరమ్మ. పినతల్లులు ఇద్దరు. చేపలమ్మే ఒక ముసలమ్మ కూడా ఉన్నది. రోజూ బడి నుండి వచ్చే పిల్లను కాసేపు తన దగ్గర కూర్చోబెట్టుకొనేదట. వీరందరికీ తాను ఎదురుగా నిలబడి కృతజ్ఞత చెప్పాలని ఆ తల్లి అన్నది. లండన్ దొరలు తమ బిడ్డను లోకానికి చూపడానికి మొదలుపెట్టిన వేడుకలో, బిడ్డను పెంచినవారు ఎవరో తల్లి చూడటానికి ఒక చోటు ఏర్పడింది. ఇది మేము ఎదురుచూడనిది.

మేము రమజాను తరావీహ్‌ల కోసం తిరిగి వచ్చేశాము. మిగిలినది చెల్లెలు ఫోనులో చెప్పినదే. గౌనును తల్లే చేతి సంచిలో పెట్టుకొని తీసుకుపోయింది. పిల్ల తల్లిని మించి ఎదిగింది. మడిచి ఉంచిన నాలుగు అంగుళాలూ విప్పవలసి వచ్చింది. విప్పి దించినది అమ్మమ్మ. తండ్రి ఓడ సమయానికి రేవు చేరలేదు. ఆయన కోసం ఉంచిన గులాబీని ఆమె తమ్ముడు ఇచ్చాడు.

ఇక మా ఇంటి సంగతి. తల్లి ద్వారా ఇదంతా విన్న మా మేనకోడలు ఒక రాత్రి మా దగ్గరకు వచ్చి, “మామూ, నాకు పద్దెనిమిది ఎప్పుడు నిండుతాయి?” అని అడిగింది. ఇంగ్లీషు లెక్కలో ఈ శీతాకాలంలో. హిజ్రీ లెక్కలో ఎప్పుడో నిండాయి. చంద్రమానం ప్రకారం పద్దెనిమిదేళ్లంటే సూర్యమానంలో పదిహేడున్నర కన్నా కొంచెం తక్కువే. మన ఫిఖ్‌హ్ పండితులు ఈ అంకె గురించి చాలా చర్చించారు. శారీరక చిహ్నాలు కనబడని పక్షంలో ఆడపిల్లకు పదిహేడని ఇమామ్ అబూ హనీఫా అన్నారు. ఆయన శిష్యులిద్దరూ పదిహేనన్నారు. ఫత్వా శిష్యుల మాట మీదనే నిలిచింది. 1875 నాటి భారత చట్టం పద్దెనిమిదంటుంది. తరగతిలో మేము ఈ పాఠం ఎన్నోసార్లు చెప్పాము. అయితే పండితులకు వయస్సు ఒక్కటే లెక్క కాదు. దానితోపాటు ‘రుష్ద్’ ఉండాలి. అంటే తన సొమ్మును తాను చక్కబెట్టుకొనే వివేకం. అన్నిసా సూరా ఆరవ ఆయతులో అనాథల ఆస్తి గురించిన ఆదేశం ఉన్నది. వారిని పరీక్షిస్తూ ఉండమని, ఈడు వచ్చి వివేకం కనబడితే వారి సొమ్ము వారికి అప్పగించమని, అప్పగించేటప్పుడు సాక్షులను ఉంచుకొమ్మని. మా మేనకోడలు అనాథ కాదు, అల్లాహ్ ఆమె తలిదండ్రులకు దీర్ఘాయుష్షు ప్రసాదించుగాక. అయినా పన్నెండేళ్లుగా సొమ్ము ఆమె పేర వస్తున్నది, ఖర్చు పెట్టే చేయి మాది.

చెల్లెలు పంపిన ప్రతి పైకమూ మేము రెండు పుస్తకాల్లో రాసి ఉంచాము. బడి ఫీజు, బట్టలు, మందులు, ఒకసారి కొన్న రెండు బంగారు గాజులు, వాటి రసీదు. మిగిలినది బ్యాంకులో ఉన్నది. చెల్లెలు సెలవు మీద వచ్చినప్పుడు, ఇద్దరు పెద్దమనుషులను పిలిచి, ఇవన్నీ ఆ పిల్లకు అప్పగించాలని నిర్ణయించుకున్నాము. ఆమె తల్లికి ఈ మాట చెప్పగానే, ఫోనులోనే, ఆ రోజుకు టికెట్ తీసుకుంటానన్నది. దర్జీ గారికి కూడా సెలవు దొరికేలా ఉన్నది, ఇన్షా అల్లాహ్.

పిల్ల ఊరుకోలేదు. తనూ ఒక జాబితా రాసింది. కొవ్వొత్తులు లేవు, పేర్లు మాత్రం పద్దెనిమిది. నానీ, ముమానీ, ఖుర్ఆన్ నేర్పిన ఉస్తానీ, ఎదురింటి రెడ్డిగారి అమ్మ, లెక్కల టీచరు, బడి ఆటో నడిపే అతని భార్య. పరీక్షల నాడు ఆమె ఒక గుడ్డు ఉడకబెట్టి పంపేదట, మాకు తెలియదు. తల్లి ఫోనులో నెమ్మదిగా అడిగింది, “అందులో నేను ఎన్నో నంబరు, బేటీ?”

“నువ్వు లేవు అమ్మీ. అది నీకు చూపించడానికి రాసింది.”

చెల్లెలు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత ఆటో అతని భార్యకు చీర ఏ రంగు తేవాలని అడిగింది.

ఆ రెండు పుస్తకాలూ ఇప్పుడు మా మేనకోడలి దగ్గర ఉన్నాయి. ఇషా తరువాత పెన్సిలు పట్టుకొని కూర్చుంటున్నది. సరిపోయిన ప్రతి పద్దు ప్రక్కన ఒక చుక్క పెడుతున్నది. నిన్న వచ్చి, ఆమె ఏడవ తరగతి నాటి ఒక నెలలో మందుల ఖర్చు రెండుసార్లు ఎందుకు పడిందని అడిగింది. ఆ నెల ఆమెకు టైఫాయిడ్. ఆసుపత్రి చీటీలు రెండూ తీసి చూపించాము. చూసి, రెండు చుక్కలు పెట్టింది. మొదటి పుస్తకం పూర్తయింది. రెండవది ఇంకా చూస్తున్నది.